దిగువ మోలార్‌కి గోల్డ్ క్రౌన్ పోత: డై మీద అర మిల్లీమీటరు పైకి నిలుస్తోంది, మార్జిన్ గుండ్రంగా వస్తోంది

మైనంపని (ప్రశ్న):

ల్యాబ్‌లో మెటల్ క్రౌన్ల పని చేసేవాళ్ల సలహా కావాలి. టైప్ 3 గోల్డ్ అల్లాయ్‌తో, అంటే 75 శాతం దాకా బంగారం ఉన్న రకంతో, కింది దవడ మొదటి మోలార్‌కి (నమిలే పెద్ద పన్నుకి) ఫుల్ క్రౌన్, అంటే పంటిని పూర్తిగా కప్పే తొడుగు, పోస్తున్నాం. మూడు లోపాలు కలిసి వస్తున్నాయి.

క్రౌన్ డై మీద, అంటే చెక్కిన పంటికి స్టోన్‌తో చేసిన ప్రతిరూపం మీద, పూర్తిగా దిగడం లేదు. మార్జిన్ (క్రౌన్ అంచు) చుట్టూ దాదాపు 0.5 మి.మీ. ఖాళీ కనిపిస్తోంది. మైనం నమూనా మాత్రం అదే డై మీద చక్కగా కూర్చుంటోంది. ఇక మార్జిన్ అంచు పదునుగా రాకుండా గుండ్రంగా, మెరుస్తూ వస్తోంది. వీటికి తోడు క్రౌన్ లోపల, స్ప్రూ (కాలిపోయాక లోహం పారే దారి అయ్యే పుల్ల) తగిలిన చోటుకి సరిగ్గా ఎదురుగా, గుంట పడుతోంది. అప్పుడప్పుడు క్రౌన్ బయట సన్నని రెక్కలు కూడా వస్తున్నాయి.

చేసే విధానం ఇదీ. డై టైప్ 4 స్టోన్. దాని మీద స్పేసర్ (సిమెంట్‌కి చోటు వదిలే పూత) రెండు పూతలు, మార్జిన్‌కి 1 మి.మీ. ముందే ఆపేస్తాం. మైనం టైప్ 2 ఇన్లే వ్యాక్స్. స్ప్రూ 2 మి.మీ. మందం, నమిలే తలం మధ్యలో నిటారుగా పెడతాం. స్టీల్ రింగ్‌లో లైనర్ (లోపలి మెత్తటి పట్టీ) వేయం. ఇన్వెస్ట్‌మెంట్, అంటే మైనం నమూనా చుట్టూ పోసే అచ్చు ముద్ద, జిప్సం రకం, క్రిస్టోబలైట్ (ఒక రకం సిలికా) ఉన్నది. చేత్తో కలుపుతాం, జారుగా ఉండాలని ప్యాకెట్ మీద ఉన్నదానికంటే కాస్త ఎక్కువ నీళ్లు పోస్తాం. 40 నిమిషాలు ఆగి, 700 డిగ్రీల దగ్గర ఉన్న ఫర్నేస్‌లో నేరుగా పెడతాం. అరగంటకి తీసి గ్యాస్-గాలి టార్చ్‌తో కరిగించి సెంట్రిఫ్యూగల్ మెషీన్‌లో పోస్తాం.

ఏది ముందు మార్చాలి?


డైస్టోన్:

ముందు మార్చాల్సింది ఏదీ లేదు, ముందు చూడాల్సింది ఉంది. తీసిన పోతని 10 రెట్ల లూప్ కింద పెట్టి లోపలి గోడలన్నీ వెతకండి. చేత్తో కలిపిన ఇన్వెస్ట్‌మెంట్‌లో గాలి బుడగలు మిగిలి, నమూనాకి అంటుకుంటాయి. ఆ బుడగ ఉన్న చోట లోహం చేరి గుండ్రటి బొడిపె అవుతుంది. బొడిపె చిన్నదే కదా అనుకోకూడదు. ప్రిపరేషన్ గోడలు ఒక్కోటి 3 డిగ్రీల వాలుతో ఉన్నాయనుకుంటే, గోడ మీద 25 మైక్రాన్ల అడ్డు చాలు, క్రౌన్ అర మిల్లీమీటరు పైకి నిలుస్తుంది. బొడిపెలు కనిపిస్తే అర నంబరు రౌండ్ బర్‌తో తీసి మళ్లీ డై మీద పెట్టి చూడండి. అప్పుడు దిగిందంటే మీ వ్యాకోచం లెక్క బాగానే ఉంది, కలపడంలో లోపం ఉందని అర్థం.

లోపల శుభ్రంగా ఉండి కూడా దిగకపోతే క్రౌన్ చిన్నదైపోయింది. మీరు రాసిన విధానం చదివితే ఇదే జరుగుతోందని నాకు దాదాపు నమ్మకం. లెక్క చూడండి. గోల్డ్ అల్లాయ్ గడ్డకట్టి గది ఉష్ణోగ్రతకి వచ్చేసరికి నిడివిలో 1.4 నుంచి 1.6 శాతం దాకా కుంచించుకుపోతుంది. ప్రిపరేషన్ అడ్డంగా 10 మి.మీ. ఉంటే అది 0.15 మి.మీ., అంటే ఒక్కో వైపు 75 మైక్రాన్లు. 3 డిగ్రీల వాలు మీద పక్కకి ఒక మైక్రాన్ బిగుతు వస్తే నిలువులో 19 మైక్రాన్లు పైకి లేస్తుంది. అచ్చు అసలు పెరగకపోతే క్రౌన్ 1.4 మి.మీ. పైనే ఆగిపోయేది. మీది 0.5 మి.మీ. దగ్గర ఆగుతోంది కాబట్టి ఒక్కో వైపు 26 మైక్రాన్లు, మొత్తం వెడల్పులో సుమారు 0.5 శాతం తక్కువ పడింది. కావలసిన 1.5లో మీ అచ్చు ఒక శాతమే ఇస్తోందన్నమాట. స్పేసర్ డై మీద అలాగే ఉండగా చూసిన లెక్క ఇది. స్పేసర్ తుడిచేసి చూస్తూ ఉంటే లోటు ఇంకా పెద్దది.

ఆ అర శాతం రెండు చోట్ల పోతోంది.

మొదటిది లైనర్ లేకపోవడం. ఇన్వెస్ట్‌మెంట్ గట్టిపడేటప్పుడు 0.3–0.4 శాతం పెరగాలి. చుట్టూ చల్లటి స్టీల్ రింగ్ బిగించి ఉంటే ఎటు పెరుగుతుంది? వేడి చేసేటప్పుడు రింగ్ కూడా పెరుగుతుంది గానీ, క్రిస్టోబలైట్ 200 నుంచి 270 డిగ్రీల మధ్య ఒక్కసారిగా పెరిగే వేగాన్ని స్టీల్ అందుకోలేదు. సిరామిక్ లేదా సెల్యులోజ్ లైనర్, 1 మి.మీ. మందం, ఒక పొర వేయండి. రింగ్ రెండు చివర్లా 3 మి.మీ. ఖాళీ వదలండి, లేకపోతే ఇన్వెస్ట్‌మెంట్ ముద్ద రింగ్‌లో పట్టు దొరక్క జారుతుంది. లైనర్‌ని నీళ్లలో ముంచి, ఎక్కువైన నీటిని విదిలించండి. వేళ్లతో నొక్కి పిండితే ఒక చోట పలచన, ఇంకో చోట మందం అవుతుంది, క్రౌన్ వంకరగా పెరుగుతుంది.

రెండోది మీరు అదనంగా పోస్తున్న నీళ్లు. నీళ్లు ఎక్కువైతే సిలికా రేణువులు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. గట్టిపడేటప్పుడూ, వేడికీ, రెండు సార్లూ వ్యాకోచం తగ్గుతుంది. పోత పైతలం కూడా గరుకుగా వస్తుంది. క్రిస్టోబలైట్ రకాలకి 50 గ్రాముల పొడికి 19–20 మి.లీ. నీళ్లు మామూలు, కానీ కంపెనీని బట్టి 15 మి.లీ. చాలేవి కూడా ఉన్నాయి. పొడిని తూకం వేయండి, నీటిని కొలపాత్రతో కొలవండి. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. చేత్తో 15 సెకన్లు తడిపి, వ్యాక్యూమ్ మిక్సర్‌లో 30–40 సెకన్లు తిప్పితే చాలు, జారుదనం కోసం నీళ్లు కలపాల్సిన అవసరమే రాదు. రింగ్‌లో పోసే ముందు నమూనాకి సర్ఫక్టెంట్ (మైనం మీద తడి అంటేలా చేసే ద్రవం) పలచగా పూసి, గాలితో పూర్తిగా ఆరనివ్వండి. తడిగా వదిలేస్తే అది ఇన్వెస్ట్‌మెంట్‌ని పలచన చేసి ఆ చోట పోతని గరుకు చేస్తుంది. తర్వాత బ్రష్‌తో మార్జిన్ లోపలి నుంచి మొదలుపెట్టి నమూనా అంతా ఇన్వెస్ట్‌మెంట్ పూయండి, ఆ తర్వాతే రింగ్ నింపండి.

లైనర్ వేసి, నీళ్లు సరిచేసి ఒక పోత పోయండి. ఆ తర్వాత క్రౌన్ వదులైతే లైనర్‌ని తడిపే తీరు చూడండి, ఎందుకంటే తడి లైనర్ నుంచి ఇన్వెస్ట్‌మెంట్ నీళ్లు పీల్చుకుని ఇంకొంచెం పెరుగుతుంది. 1907లో విలియం టాగార్ట్ ఈ మైనం పోత పద్ధతిని దంతవైద్యుల ముందు పెట్టిన నాటి నుంచీ అందరూ కుస్తీ పడుతున్నది ఈ ఒకటిన్నర శాతంతోనే.


స్ప్రూకోణం:

డైస్టోన్ గారు చెప్పిన దానికి నేను చేర్చేది లోపలి గుంట గురించి. దీన్ని సక్‌బ్యాక్ అంటారు. మీ స్ప్రూ పెట్టిన తీరే దీనికి కారణం.

నమిలే తలం మధ్యలో నిటారుగా స్ప్రూ పెడితే కరిగిన లోహం అంతా ఒకే చోట, ఎదురుగా ఉన్న అచ్చు గోడని కొడుతుంది. ఆ గోడ అంటే డై ఆకారంలో ఉన్న ఇన్వెస్ట్‌మెంట్ దిమ్మ పైభాగం, అంటే మీ క్రౌన్ లోపలి పైకప్పు. అక్కడ వేడి పేరుకుపోతుంది. చుట్టూ ఉన్న లోహం గడ్డకడుతుంది, 2 మి.మీ. స్ప్రూ కూడా గడ్డకడుతుంది, ఆ చోటు మాత్రం ద్రవంగానే ఉంటుంది. అది చివరికి గడ్డకట్టి కుంచించుకునేటప్పుడు నింపడానికి స్ప్రూలో ద్రవలోహం మిగలదు. అందుకే గుంట లోపలి వైపు, స్ప్రూకి సరిగ్గా ఎదురుగా పడుతుంది.

మోలార్‌కి 10 గేజ్ స్ప్రూ వాడండి, అంటే సుమారు 2.6 మి.మీ. మీరు వాడే 2 మి.మీ., అంటే 12 గేజ్, ప్రీమోలార్‌కి సరిపోతుంది. స్ప్రూని నమూనాలో అతి మందంగా ఉన్న, కానీ కొరుకుడు పడని కస్ప్ (పంటి మీది మొన) మీద పెట్టాలి. కింది మోలార్‌కి బుగ్గ వైపు కస్ప్‌లు పని చేసేవి కాబట్టి నాలుక వైపు కస్ప్ ఎంచుకోండి. ఎదురు గోడకి లంబంగా కాకుండా 45 డిగ్రీల వాలులో పెట్టండి, లోహం పక్కగోడల వెంట జారి మార్జిన్ దాకా వెళ్తుంది. స్ప్రూ నమూనాని కలిసే చోట మైనంతో గరాటులా వెడల్పు చేయండి. అక్కడ నొక్కు గానీ పదునైన మూల గానీ ఉంటే రెండు నష్టాలు. నొక్కు ముందే గడ్డకట్టి దారి మూసేస్తుంది. మూల దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ పెళ్ల విరిగి లోహంతో పాటు కొట్టుకుపోయి మార్జిన్‌లో ఇరుక్కుంటుంది. పోతలో ఎక్కడైనా కోణాలున్న నల్లటి గుంట కనిపిస్తే అది ఇలా పడిన పెళ్లే అయి ఉండొచ్చు, గాలి బుడగ గుంట ఎప్పుడూ గుండ్రంగానే ఉంటుంది.

స్ప్రూ పొడవు మీరు రాయలేదు. కొలవాల్సింది పొడవు కాదు, నమూనా పై అంచు నుంచి రింగ్ మూసిన చివరిదాకా (స్ప్రూ రంధ్రం లేని వైపు) ఉన్న దూరం. జిప్సం ఇన్వెస్ట్‌మెంట్‌కి అది 6 మి.మీ. ఉండాలి. తక్కువైతే లోహం వేగానికి ఇన్వెస్ట్‌మెంట్ పగిలి బయటికి చిమ్ముతుంది. మరీ ఎక్కువైతే అచ్చులోని గాలి, వాయువులు అంత మందం గుండా బయటికి పోలేవు, లోహాన్ని ఎదురు తోస్తాయి, మార్జిన్ గుండ్రంగా వస్తుంది. మీ మార్జిన్ గుండ్రం కావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు కాబట్టి ఈ కొలత తప్పకుండా చూడండి.

నమూనా గురించి ఒక మాట. స్ప్రూ పెట్టే ముందు మార్జిన్ చుట్టూ 1–2 మి.మీ. మైనాన్ని మళ్లీ కరిగించి డైకి అంటించండి. ఇన్లే వ్యాక్స్ చల్లారే కొద్దీ అంచు దగ్గర డై నుంచి విడిపోతుంది. కంటికి కూర్చున్నట్టే ఉంటుంది, లూప్ కింద చూస్తే సన్నని గీత కనిపిస్తుంది. ఇలా అంటించి, స్ప్రూ పెట్టి, డై నుంచి తీసిన వెంటనే ఇన్వెస్ట్ చేయాలి. మైనంలో బిగిసిన ఒత్తిళ్లు గంటల తరబడి మెల్లగా విడుదలవుతూ ఆకారాన్ని వంచేస్తాయి. నమూనాని రాత్రంతా వదిలేయాల్సి వస్తే డై మీదే ఉంచండి, పొద్దున మార్జిన్ మళ్లీ కరిగించండి.


మైనంపని:

చాలా స్పష్టంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. మూసిన చివరి నుంచి దూరం 10 మి.మీ. పైనే ఉంటోంది, రింగ్ ఎత్తైనది కావడం వల్ల. లోపల బొడిపెలు ఉన్నాయి గానీ తీసేశాక కూడా క్రౌన్ పూర్తిగా దిగడం లేదు.

ఇంకో సందేహం. మెరిసే మార్జిన్ అంటే మైనం పూర్తిగా కాలలేదని చదివాను. ఫర్నేస్‌ని 800కి పెంచి తొందరగా కాల్చేయవచ్చా? 700 దగ్గర ఇంకో గంట ఉంచడం కంటే అది మేలు కదా?


పోతరింగు:

వద్దండి, 800 అసలు వద్దు. జిప్సం ఇన్వెస్ట్‌మెంట్‌కి 700 గీత లాంటిది. దాని బంధనం కాల్షియం సల్ఫేట్. 700 దాటాక మైనం వదిలిన కర్బనం దానితో చర్య జరిపి సల్ఫర్ డయాక్సైడ్ విడుదల చేస్తుంది. ఈ చర్యతో అచ్చు గోడ పొడిపొడి అవుతుంది, గోల్డ్ అల్లాయ్‌లోని వెండి, రాగి గంధకంతో కలిసి పోత నల్లబడుతుంది. ఆసిడ్‌లో వేసినా ఆ నలుపు వదలదు. అలా పాడైన లోహం పెళుసుగా కూడా మారుతుంది. ఫర్నేస్ థర్మామీటర్ 20–30 డిగ్రీలు తప్పు చూపిస్తుంటే మీరు 700 అనుకుంటూనే గీత దాటుతూ ఉండొచ్చు, కాబట్టి 650–680 దగ్గర ఆపడం నయం.

మీ మార్జిన్ మెరుపు గురించి మీరు చదివింది సరైనదే. మైనం పూర్తిగా కాలకపోతే అచ్చులో కార్బన్ మోనాక్సైడ్ మిగులుతుంది. లోహం మార్జిన్ దాకా పోకుండా అది అడ్డుపడుతుంది, అదే సమయంలో ఆక్సైడ్ పట్టకుండా చేస్తుంది. అందుకే గుండ్రంగా ఉండి మెరుస్తుంది. గుండ్రంగా ఉండి మాసినట్టు కనిపిస్తే కారణం వేరు, లోహం చాలినంత వేడెక్కలేదు లేదా విసురు చాలలేదు. ఈ రెండింటినీ మీరు వేరుచేసి చూశారు కాబట్టి పని సులువైంది.

ఇప్పుడు కాల్చే తీరు. ఇన్వెస్ట్ చేసి కనీసం గంట ఆగండి, 40 నిమిషాలకి అది ఇంకా బలం పుంజుకోదు. రింగ్ తడిగా ఉండగానే ఫర్నేస్‌కి వెళ్లాలి. ఆ తేమ ఆవిరై మైనాన్ని తోసుకుంటూ బయటికి వస్తుంది, కరిగిన మైనం ఇన్వెస్ట్‌మెంట్‌లోకి ఇంకకుండా చూస్తుంది. రింగ్ రాత్రంతా ఎండిపోయి ఉంటే కొన్ని నిమిషాలు నీళ్లలో ఉంచి పెట్టండి. ఫర్నేస్ చల్లగా ఉండగా, స్ప్రూ రంధ్రం కిందికి ఉండేలా రింగ్ పెట్టండి, మైనం కారిపోతుంది. 250–300 డిగ్రీలకి నెమ్మదిగా తీసుకెళ్లి అరగంట ఆపండి. ఇక్కడ ఆపడం ఎందుకంటే క్రిస్టోబలైట్ స్ఫటిక రూపం 200–270 మధ్య మారుతుంది, అంతటా ఒకే సమయంలో మారకపోతే బయటి పొర లోపలి పొరని చీలుస్తుంది. మీకు వస్తున్న సన్నని రెక్కలు ఈ చీలికల్లో దూరిన లోహమే, నేరుగా 700లో పెట్టడం వల్ల. ఆ తర్వాత గంట పట్టేలా 650–680కి తీసుకెళ్లి, అక్కడ కనీసం 30 నిమిషాలు ఉంచండి. ఫర్నేస్‌లో ఒకేసారి ఎక్కువ రింగులు ఉంటే సమయం పెంచండి. ఫర్నేస్‌లోకి గాలి ఆడాలి, గాలి లేకుండా కర్బనం కాలదు.

అయిపోయిందో లేదో చూసేది గడియారంలో కాదు. స్ప్రూ రంధ్రంలోకి చూడండి, లోపల గోడ చెర్రీ ఎరుపులో వెలగాలి. రంధ్రం చుట్టూ ఇన్వెస్ట్‌మెంట్ తెల్లగా ఉండాలి. బూడిద రంగు మరకలుంటే కర్బనం మిగిలే ఉంది, మళ్లీ లోపల పెట్టండి.

ఒకసారి వేడెక్కిన రింగ్‌ని చల్లారనిచ్చి మళ్లీ వేడి చేసి పోయకండి. చల్లారేటప్పుడు సిలికా వెనక్కి కుంచించుకుని అచ్చులో పగుళ్లు పడతాయి, మళ్లీ వేడి చేసినా మొదటి కొలత తిరిగిరాదు. లోహం కరిగి సిద్ధంగా ఉన్నప్పుడే రింగ్ తీయాలి, తీసిన నిమిషం లోపు పోయాలి.

ఇంకో దారి కూడా ఉంది. ఇన్వెస్ట్ చేసిన వెంటనే రింగ్‌ని 38 డిగ్రీల నీళ్లలో అరగంట ముంచి, నీటి వల్ల వచ్చే వ్యాకోచాన్ని వాడుకుంటారు, అప్పుడు కాల్చడం 480–500 డిగ్రీలకే సరిపోతుంది. అచ్చు గోడ నున్నగా ఉంటుంది. కానీ అంత తక్కువ వేడిలో మైనం కాలడానికి 60 నుంచి 90 నిమిషాలు పడుతుంది, తొందరపడితే మార్జిన్ గుండ్రం సమస్య ఇంకా ముదురుతుంది. రింగ్ ఎత్తు సరిచేయకుండా ఆ పద్ధతికి మారడం నాకు ఇష్టం లేదు.


క్రూసిబుల్:

టార్చ్ గురించి ఎవరూ రాయలేదు, రెండు మాటలు.

గ్యాస్-గాలి జ్వాలలో మధ్యన ఆకుపచ్చ కొన ఉంటుంది, అది దహనం జరిగే భాగం. దాని కొనకి సరిగ్గా బయట మసక నీలం రంగులో ఉండేదే మీకు కావలసిన భాగం, అక్కడ ఆక్సిజన్ మిగిలి ఉండదు, వేడి కూడా అక్కడే ఎక్కువ. లోహం మీద ఎప్పుడూ ఆ భాగమే ఆడాలి. జ్వాల సరైన దూరంలో ఉంటే కరిగిన లోహం అద్దంలా మెరుస్తుంది. దూరం జరిగితే పైన మాసిన పొర కడుతుంది. ఆ పొర కనిపించగానే టార్చ్ దగ్గరికి తీసుకోండి, చిటికెడు వెలిగారం చల్లండి. లోహం మొదట స్పంజీలా కనిపిస్తుంది, తర్వాత చిన్న బొట్లు, ఆ బొట్లు కలిసి ఒకే ముద్ద, ఆ ముద్ద గుండ్రంగా మారి క్రూసిబుల్‌ని (లోహం కరిగించే మూసని) కాస్త కదిపితే పాదరసంలా దొర్లుతుంది. లేత నారింజ రంగులో ఆ స్థితి రాగానే వదలాలి. అది పూర్తిగా కరిగే ఉష్ణోగ్రతకి 40–65 డిగ్రీలు పైన ఉంటుంది. ఇంకా కాస్త, ఇంకా కాస్త అని కాలుస్తూ పోతే జింక్ ఆవిరైపోతుంది, లోహం వాయువులు పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు అవి బయటపడి పోత నిండా సూది మొన రంధ్రాలు పడతాయి. స్ప్రూకోణం గారు చెప్పిన సక్‌బ్యాక్ కూడా లోహం అతిగా వేడెక్కితే ఎక్కువవుతుంది. స్ప్రూ అంతా సరిగ్గా ఉండి కూడా గుంట పడుతుంటే లోహం వేడి ఒక 30 డిగ్రీలు తగ్గించండి.

మెషీన్ చెయ్యిని మూడు చుట్లు తిప్పి బిగిస్తే గోల్డ్‌కి చాలు. వదిలాక అది దానంతట అది ఆగేదాకా ముట్టుకోవద్దు.

లోహం ఎంత తీసుకోవాలో తేలిక లెక్క ఉంది. స్ప్రూతో సహా నమూనా తూకాన్ని అల్లాయ్ సాంద్రతతో గుణించండి, మైనం సాంద్రత ఒకటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి లెక్క నప్పుతుంది. సాంద్రత 15.5 అనుకుంటే, 0.2 గ్రాముల మైనానికి 3.1 గ్రాములు. దానికి బటన్ (స్ప్రూ మొదట్లో మిగిలే లోహపు ముద్ద) కోసం మరో 2 గ్రాములు దాకా కలపండి. బటన్ లేకుండా పోస్తే స్ప్రూని తోసే లోహమే ఉండదు.

మిగిలిన బటన్ మళ్లీ వాడవచ్చు, కానీ కొత్త లోహం కనీసం సగం ఉండాలి. ఇసుక, ఇన్వెస్ట్‌మెంట్ అంటుకోకుండా శుభ్రం చేసి వాడండి. ఒక్కో రకం అల్లాయ్‌కి వేరే క్రూసిబుల్ ఉంచుకోండి. పాత నగల బంగారం తెచ్చి ఇందులో కలిపించుకోవాలనే పేషెంట్లు ఉంటారు, దయచేసి ఒప్పుకోకండి. నగల్లో రాగి ఎంతో, వెండి ఎంతో తెలియదు. అతుకుల్లో కాడ్మియం ఉండే అవకాశం ఉంది, దాని పొగ మీ ఊపిరితిత్తులకీ, అది కలిసిన లోహం నోటికీ హాని.


మైనంపని:

క్రూసిబుల్ గారూ, పోత పోశాక రింగ్‌ని వెంటనే నీళ్లలో ముంచాలా, బెంచ్ మీద చల్లారనివ్వాలా? రెండు రకాలుగానూ చెప్తున్నారు.


క్రూసిబుల్:

బటన్ ఎరుపు పూర్తిగా తగ్గాక, ఇంకా వేడిగా ఉండగానే ముంచండి. ఇన్వెస్ట్‌మెంట్ బుసబుసమని విడిపోతుంది, శుభ్రం చేయడం సులువు. లోహం మెత్తగా ఉంటుంది, మార్జిన్ డై మీద బర్నిష్ చేసేటప్పుడు (నున్నటి పనిముట్టుతో రుద్ది అతికించేటప్పుడు) సాగుతుంది. నోట్లోకి వెళ్లే ముందు గట్టిదనం కావాలంటే అల్లాయ్ కంపెనీ చెప్పిన వేడిలో, టైప్ 3కి మామూలుగా 350 డిగ్రీల దగ్గర 15 నిమిషాల పాటు ఉంచి తీస్తారు, రాగి ఉన్న అల్లాయ్‌లలో ఇది పని చేస్తుంది. ఆ పని అమరిక, మార్జిన్ బర్నిషింగ్ అన్నీ అయ్యాకే చేయాలి.


డైస్టోన్:

పిక్లింగ్ (పోతని ఆసిడ్‌లో శుభ్రం చేయడం) సంగతి కూడా చెప్పేయాలి, అక్కడ పాడయ్యే పోతలు చాలా ఉంటాయి. నీళ్లలో ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లో నీళ్లు కాదు. సగం గాఢత హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌ని గోరువెచ్చగా చేస్తే చాలు, మరిగించవద్దు. ఎర్రగా కాలిన పోతని అందులో వేయకూడదు, సన్నని మార్జిన్లు వంగిపోతాయి. స్టీల్ చిమటాతో పట్టుకోకూడదు, ద్రవంలో ఉన్న రాగి స్టీల్ తగలగానే పోత మీద ఎర్రగా పట్టేస్తుంది. ప్లాస్టిక్ లేదా రబ్బరు తొడుగు ఉన్న పటకారు వాడండి. ఇన్వెస్ట్‌మెంట్ పొడి సిలికా, కలిపేటప్పుడూ, విరగ్గొట్టేటప్పుడూ మాస్కు తప్పనిసరి. పాత రోజుల ఆస్బెస్టాస్ లైనర్ రోల్ ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని అసలు తెరవకండి.

అమరిక చూసేటప్పుడు క్రౌన్‌ని డై మీద బలంగా నొక్కవద్దు. స్టోన్ అరిగిపోతే తర్వాత కొలిచేదేదీ నిజం కాదు. లోపల తాకే చోటు తెలిసేలా డిస్‌క్లోజింగ్ ద్రవం పూసి, మెల్లగా పెట్టి తీసి, మెరిసిన చుక్కని మాత్రమే అర నంబరు బర్‌తో తీయండి. గోడ మొత్తం గీకేసి దించితే డై మీద కూర్చుంటుంది గానీ, పంటి మీద పట్టు పోతుంది. స్ప్రూ కోసేటప్పుడు డిస్క్ చుట్టూ తిప్పుతూ కోయండి, ఒక వైపు నుంచి కోస్తే బరువుకి వంగి క్రౌన్ మెలిపడుతుంది. పాలిషింగ్ చేసేటప్పుడు మార్జిన్‌కి దగ్గరలో 1 మి.మీ. పట్టీ ఆఖరున, రబ్బరు చక్రంతో, లోహం నుంచి డై వైపు తిప్పుతూ ముట్టుకోండి. లోపలి వైపు 50 మైక్రాన్ల అల్యూమినా బ్లాస్ట్ చేసేటప్పుడు మార్జిన్ మీద మైనం పూసి కాపాడండి, లేకపోతే పదును పోయి అంచు గుండ్రమవుతుంది, మళ్లీ మైనం కాల్చడంలోనే లోపమేమో అని వెతుక్కుంటూ కూర్చుంటారు.


స్ప్రూకోణం:

మూసిన చివరి నుంచి దూరం 10 మి.మీ. పైనే అని రాశారు కదా. రింగ్ మార్చాల్సిన పని లేదు. క్రూసిబుల్ ఫార్మర్ (స్ప్రూని నిలబెట్టే అడుగు దిమ్మ) మీద స్ప్రూని పొడవు పెంచి నమూనాని పైకి తీసుకెళ్లవచ్చు, కానీ పొడవైన సన్నని స్ప్రూ ముందే గడ్డకడుతుంది. అందుకని అదే రింగ్‌లో ఇన్వెస్ట్‌మెంట్‌ని పూర్తిగా నింపకుండా, నమూనా పైన 6 మి.మీ. రాగానే ఆపేయండి. రింగ్ లోపల నమూనా పైన 6 మి.మీ. వచ్చే చోట గీత గీసుకుంటే ప్రతిసారి కొలవనక్కర్లేదు. లైనర్‌ని కూడా ఆ గీతకి 3 మి.మీ. కింద దాకానే కత్తిరించుకోండి.